ముందు చిట్టా, తరువాతే మ్యూజియం

గౌతమీ గోదావరికి తూర్పున, ద్రాక్షారామానికి దగ్గరలో ఉన్న చిన్న పట్టణం మాది. ఊరి చరిత్రను కాపాడుకోవాలన్న కోరికతో కొందరం కలిసి ఒక సంఘం పెట్టుకొని కొన్నేళ్ళయింది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ ఏడుగురిని కూడగట్టడానికే మొదట్లో తల ప్రాణం తోకకు వచ్చింది. ఇప్పుడు రిటైరైన మాస్టార్లు, ఒక ప్లీడరు గారు, స్టూడియో నడిపే ఫొటోగ్రాఫరు గారు, ఎరువుల కొట్టు యజమాని, ఇలా రకరకాల వాళ్ళం ఉన్నాం. ఈమధ్య మా ఊరి నుంచి వెళ్ళి బయట బాగా స్థిరపడిన ఒక పెద్దాయన ముందుకు వచ్చి, స్థలం తానే ఇస్తానని, మ్యూజియం కట్టిస్తానని చెప్పారు. సమావేశంలో చప్పట్లు మోగాయి. నేను మాత్రం ఇప్పుడే వద్దన్నాను. శుభం పలకరా మంకన్నా అన్న సామెతను ఒక మిత్రులు ఆ క్షణంలోనే నా మీద ప్రయోగించారు. అక్కడ పూర్తిగా చెప్పే వీలు చిక్కని కారణాలను ఇక్కడ రాస్తున్నాను.

చిన్న ఊరి చరిత్ర సంఘం అన్నిటికంటే ముందు చిట్టా రాయాలన్నది నా వాదన. ఊళ్ళో ఏది ఎక్కడ ఉంది, ఎవరి అధీనంలో ఉంది, దాని కొలతలెంత, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దాని గురించి ఎవరు ఏం చెప్పారు, చెప్పినవారికి ఆ సంగతి ఎలా తెలుసు అన్నవన్నీ వరుస సంఖ్యతో, తేదీతో, రాసినవారి సంతకంతో నమోదు కావాలి. అక్షరాలున్న ప్రతిదానికీ నకలు ఉండాలి. అక్షరాలు లేనిదానికి కొలతలతో గీసిన బొమ్మ, ఫొటో ఉండాలి. ఈ పని ఒక కొలిక్కి వచ్చేదాకా ఏ వస్తువునూ దాని చోటు నుంచి కదపకూడదు. ఈ క్రమం తలకిందులైతే మ్యూజియం గోడౌనుగా మారుతుంది. అలా మారిన గదులను మన జిల్లాల్లో ఎవరికి వారు గుర్తు తెచ్చుకోగలరు: గుమ్మం పక్కన ఒరిగిన నంది విగ్రహం, బీరువాలో ఒకదాని మీద ఒకటిగా పడి ఉన్న తాళపత్రాలు, వాటి మీద "పురాతనమైనవి" అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ చెప్పని చీటీ.

ఈ పాఠం మాకు పొరుగున ఉన్న రాజమహేంద్రవరమే నేర్పింది. 1922లో అక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భం అది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు గార్ల వంటివారు ఆ మండలికి ఊపిరి పోశారు. వీరిలో కృష్ణారావు గారు వకీలు, సుబ్బారావు గారు కళాశాల అధ్యాపకులు. అంటే పగలంతా సొంత వృత్తి చూసుకొని, మిగిలిన వేళల్లో శాసనాలు చదివినవారు. ఇంతకూ ఆ తొమ్మిది వందల ఏళ్ళ లెక్క ఎక్కడిది? కోరుమిల్లి ఊరి పేరుతో వ్యవహరించే, శాసనం చెక్కిన రాగి రేకులలోది. శక సంవత్సరం 944, సింహ మాసం, కృష్ణ విదియ, గురువారం నాడు రాజరాజు పట్టం కట్టుకున్నాడని వాటిలోని శ్లోకం చెబుతుంది. ఇంగ్లీషు లెక్కలో అది 1022 ఆగస్టు 16. ఆ రేకుల పాఠాన్ని 19వ శతాబ్దంలోనే పండితులు చదివి అచ్చు వేయించారు కాబట్టి రాజమహేంద్రవరంలో ఉత్సవం చేసుకోవడానికి ఒక తేదీ దొరికింది. దుక్కిలో బయటపడిన రేకులు నేరుగా కంచరి కొలిమికి చేరిన సందర్భాలు మన ప్రాంతంలో కథలు కథలుగా చెప్పుకుంటారు. కోరుమిల్లి రేకులకు అదే గతి పట్టి ఉంటే నన్నయను పోషించిన రాజు ఏ రోజున సింహాసనం ఎక్కాడో మనకు తెలిసేది కాదు.

ఆ మండలి చేసిన పనిలో నిలిచింది ఏమిటో గమనించాలి. పట్టాభిషేక సంచిక వెలువడింది. 1926 నుంచి ఇంగ్లీషులో త్రైమాసిక పత్రిక నడిచింది. తరువాత కళింగ, కాకతీయ, రెడ్డి రాజుల మీద ప్రత్యేక సంచికలు వచ్చాయి. నాణేలు, రేకులు, విగ్రహాలు సేకరించే పని కూడా సాగింది. సుబ్బారావు గారి పేరుతోనే గోదావరి గట్టున ఇవాళ ప్రభుత్వ పురావస్తు మ్యూజియం నడుస్తోంది. అది ఉండవలసిందే, ఉండటం మన అదృష్టం. అయితే మద్రాసులోనో లండనులోనో కూర్చొని రాజరాజు వంశమైన తూర్పు చాళుక్యుల మీద పని చేసే పరిశోధకుడు ఈనాటికీ చేతిలోకి తీసుకునేది ఆ పత్రిక పాత సంపుటాలనే. ఆయన రాజమహేంద్రవరంలో ఎన్నడూ అడుగు పెట్టి ఉండకపోవచ్చు. ఒక రేకు ఎక్కడ దొరికింది, ఎన్ని పలకలు, ఒక్కొక్క వైపు ఎన్ని పంక్తులు, ముద్ర మీద ఏముంది అన్న వివరాలు వ్యాసంలో ఉన్నాయి కాబట్టి, ఆ రేకు ఇప్పుడు ఏ బీరువాలో ఉన్నా ఆయన పని ఆగదు.

ఇంతకంటే చేదు సాక్ష్యం అమరావతిది. 18వ శతాబ్దం చివరి రోజుల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టించుకుంటున్నప్పుడు, ఇటుకలకూ రాళ్ళకూ పనివాళ్ళు పక్కనే ఉన్న దీపాలదిన్నెను తవ్వారు. ఆ దిన్నె అడుగున మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం ఉందని వాళ్ళకు తెలిసే అవకాశం లేదు. తవ్వకం వార్త విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వెళ్ళి చూశాడు. మళ్ళీ 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చి బయటపడిన శిల్పాలకు కొలతలు తీయించాడు, ఒక్కొక్క ఫలకాన్నీ గీయించాడు. ఆ తరువాత 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు చేర్పించిన ఫలకాలు కొన్నేళ్ళు ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండను చేరాయి. మెకంజీ మనుషులు గీసినప్పుడు కళ్ళెదుట ఉన్న రాళ్ళలో ఎన్నో ఇప్పుడు ఎక్కడా లేవు. సున్నపు బట్టీలకు పోయినవి కొన్ని, గోడల్లో కలిసిపోయినవి కొన్ని. వాటి రూపం తెలుసుకోవడానికి మిగిలిన ఆధారం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ బొమ్మల సంపుటమే. పాలరాయి లాంటి రాయి పోయింది, కాగితం మిగిలింది. భట్టిప్రోలు కథ కూడా ఇలాంటిదే. కాలువ తూముకూ రోడ్డుకూ స్తూపాన్ని పగలగొట్టి వాడేశాక, 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ మిగిలినదాన్ని తవ్వి, ధాతువులు దాచిన పేటికలైన ధాతు కరండాలను వెలికి తీశాడు. వాటి మీది అక్షరాలకు నకళ్ళు వెంటనే అచ్చయ్యాయి కాబట్టి లిపి శాస్త్రంలో భట్టిప్రోలు పేరు స్థిరపడింది.

మెకంజీ పేరు వచ్చింది కాబట్టి ఇంకొక మాట. గ్రామ చరిత్రల నమోదు ఏదో తెల్లదొర కనిపెట్టిన విద్య అనుకోవడం పొరపాటు. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల బృందం ఊరూరా తిరిగి కైఫీయతులు అనే గ్రామ చరిత్రలు రాయించినప్పుడు, ఆ ఊళ్ళ కరణాలు తమ దగ్గరున్న దండకవిలెలు, అంటే ఊరి సంగతులు రాసి ఉంచిన పుస్తకాలు, తీసి చూపించారు. ఏ రాజు ఏ గుడికి ఎంత మాన్యం ఇచ్చాడు, చెరువు ఎప్పుడు తెగింది, కట్టుబడి ఎవరు చేయించారు, ఊరు ఎప్పుడు పాడై మళ్ళీ ఎప్పుడు నిలబడింది అన్నవి తరతరాలుగా ఆ కవిలెల్లో ఎక్కుతూ వచ్చాయి. అందులో పుక్కిటి పురాణం పాలు ఎక్కువే. దేవతలు కలలోకి వచ్చి చెప్పిన సంగతులు కూడా శిస్తు లెక్కల పక్కనే కనిపిస్తాయి. అయినా ఊరికి ఒక చిట్టా ఉండాలన్న ఊహ, దాన్ని రాయవలసిన మనిషి ఒకడు ఉండాలన్న ఏర్పాటు మనవే. తరువాత ఆ కైఫీయతుల మూల ప్రతులు పురుగు పట్టి, చెమ్మ పట్టి పాడవుతుంటే, సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి నకళ్ళు రాయించి జిల్దులు కట్టించాడు. ఇవాళ మనం చదువుకుంటున్న కైఫీయతుల్లో చాలా భాగం ఆ నకళ్ళ పుణ్యమే.

1984లో రాష్ట్ర ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. ఆ నిర్ణయానికి బలమైన సామాజిక కారణాలు ఉన్నాయి, దానితో నాకు పేచీ లేదు. అయితే అధికారిక రికార్డులు ఆఫీసుకు చేరిన తరువాత కూడా, వాటికి ముందు తరాల కాగితాలు ఎన్నో కరణాల ఇళ్ళలో అటకల మీదే ఉండిపోయాయి. మా ఊళ్ళో అలాంటి ఒక పెంకుటింటిని పడగొట్టే ముందు ఇంటివారు మమ్మల్ని పిలిచారు. రేకు పెట్టెలో ఉన్న కట్టను నేలమీద పరచిన దుప్పటిపై విప్పాం. పైన ఉన్న కాగితాలు చేయి తగిలితే చాలు అంచుల దగ్గర పొడిగా రాలిపోతున్నాయి. మధ్యలోవి గట్టిగానే ఉన్నాయి. గొలుసుకట్టు రాత, ఎక్కడా పదాల మధ్య ఎడం లేదు. భిన్నాలకు కాలు, అర, పరక గుర్తులు. మొదటి పుటలో రేవు వేలం పాట, దాని కింద పంట కాలువ పూడిక తీతకు ఇచ్చిన కూలి లెక్క, మరొక సిరాతో ఎవరిదో పెళ్ళికి పంపిన అరిటి గెలల పద్దు. చరిత్ర పుస్తకంలో ఎక్కే సంగతి ఒక్కటీ లేదు. కానీ అప్పట్లో ఆ రేవుకు ఏ ఊళ్ళ నుంచి పాటదారులు వచ్చేవారో, పూడిక పనికి ఏ పేట వాళ్ళు వెళ్ళేవారో, కూలి డబ్బు రూపంలో ఎంత, ధాన్యం రూపంలో ఎంత ఇచ్చేవారో అందులో ఉంది. ఈ కట్టను అద్దాల పెట్టెలో పెడితే చూడటానికి వచ్చినవారికి కనిపించేది మొదటి పుట ఒక్కటే, అదీ చదవడానికి రాని రాతలో. దాన్ని చదవగలిగిన పెద్దవాళ్ళు మా చుట్టుపక్కల ఇంకా కొందరు ఉన్నారు. వారిని కూర్చోబెట్టి చదివించుకొని మామూలు తెలుగులో రాసుకోవలసిన సమయం ఇదే, ఎందుకంటే ఆ రాత తెలిసినవారు అందరూ డెబ్బై దాటినవారే.

శాసనాల సంగతి చూద్దాం. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో వాటి పాఠాలు అచ్చయ్యాయి. అఖండ దీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చానని, ఫలానా గానిగవాడు రోజూ ఇంత నూనె పోయాలని చెప్పే ఆ పంక్తుల్లో అప్పటి సంసారాలు కనిపిస్తాయి. పెద్ద గుడి కాబట్టి దానికి ఆ అదృష్టం పట్టింది. చిన్న ఊళ్ళ గుళ్ళలో ఉన్న ఒంటి శాసనాలు, పొలం గట్టున వీరుల గుర్తుగా నిలబెట్టిన వీరగల్లులు, చెరువు తూము పక్కన పాతిన రాళ్ళు చాలావాటికి ఇంకా ఎవరూ అచ్చు తీయలేదు, అంటే రాతి మీది అక్షరాలను కాగితం మీదికి ఒత్తి నకలు తీసుకోలేదు. వాటికి నిర్లక్ష్యం కంటే భక్తి వల్ల ఎక్కువ ముప్పు ఉందంటే కొందరికి కోపం వస్తుంది. జీర్ణోద్ధరణ పేరుతో స్తంభాలకు ఎనామిల్ రంగు దట్టిస్తారు, ఇసుకను ఒత్తిడితో చిమ్మి రాతిని తెల్లగా చేయిస్తారు, మండపం గోడలకు గ్రానైటు పలకలు అంటిస్తారు. ఇసుక తాకిడికి అక్షరం పైచెక్కు లేచిపోతుంది. ఎనిమిది వందల ఏళ్ళ వానలు చేయలేని పని ఒక్క మధ్యాహ్నంలో పూర్తవుతుంది. కమిటీ వారి ఉద్దేశం మంచిదే. ఆ రాతి మీద ఏముందో వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అచ్చు తీయడం పెద్ద ఖర్చుతో కూడిన విద్య కూడా కాదు, కాకపోతే ఓపిక కావాలి. గుడి అధికారుల అనుమతి, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి తీసుకొని, రాతిని మెత్తని బ్రష్షుతో నీళ్ళు పోసి కడగాలి. తడిపిన కాగితాన్ని ముడత లేకుండా రాతికి అతికించి, గట్టి కుచ్చు బ్రష్షుతో తట్టుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాగితం సగం ఆరాక, నల్ల సిరా అద్దిన గుడ్డ దిండుతో పైపైన ఒత్తితే చదునుగా ఉన్న భాగం నల్లబడుతుంది, గుంటల్లోని అక్షరం తెల్లగా మిగులుతుంది. సిరా పడేది కాగితం బయటి వైపున కాబట్టి రాత తిరగబడకుండా సరిగానే చదువుకోవచ్చు. కంటికి గీతల్లా కనిపించిన చోట "స్వస్తి శ్రీ" తేలి వచ్చినప్పుడు పక్కన నిలబడ్డ అర్చకులు ముందుకు వంగి చూడటం, ఆ తరువాత ఆ స్తంభానికి రంగు వేయకుండా ఆయనే అడ్డుపడటం నేను చూశాను. నా దృష్టిలో పరిరక్షణ అంటే అదే. ఆ స్తంభాన్ని పెకలించి మా గదిలోకి తెచ్చి ఉంటే గుడికి స్తంభం పోయేది, స్తంభానికి గుడి పోయేది.

తెలంగాణలో ఇదే దారిలో నడిచిన సంస్థ లక్ష్మణరాయ పరిశోధక మండలి. నిజాం పాలనలో, తెలుగులో సభ జరుపుకోవడమే కష్టంగా ఉన్న రోజుల్లో, ఊళ్ళ నుంచి శాసనాల ప్రతులు తెప్పించి 1935లో తెలంగాణా శాసనాల మొదటి సంపుటాన్ని వారు అచ్చు వేశారు. భవనం కోసం ఎదురు చూసి ఉంటే ఆ సంపుటం వచ్చేదా అని నాకు అనుమానం.

నా వాదనకు గట్టి అభ్యంతరం కూడా తెలంగాణ నుంచే ఎదురవుతుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు నిండబోతున్నప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఉన్నచోటే ఉంచి చిట్టా రాసుకుంటూ కూర్చుంటే గుడి నీళ్ళ పాలయ్యేది. అలంపురంలో గడియారం రామకృష్ణ శర్మ గారి వంటివారు ఆ ప్రాంత ఆలయాల కోసం ఏళ్ళ తరబడి పోరాడారు; కూడవెల్లి గుడిని విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. నాగార్జునకొండలో కూడా సాగర్ నీళ్ళు రాకముందే 1954 నుంచి తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. అవి కదపక తప్పని సందర్భాలు, ఒప్పుకుంటాను. అయితే గుడిని విప్పి తిరిగి కట్టడం ఎలా సాధ్యమవుతుందో చూడండి. ప్రతి రాతికీ సంఖ్య వేసి, ఏ వరుసలో ఏది ఎటు తిరిగి ఉందో పటం గీసుకున్న తరువాతే మొదటి రాయిని దించుతారు. ఆ సంఖ్యలు లేకపోతే మిగిలేది రాళ్ళ గుట్ట. కాబట్టి ఈ ఉదాహరణ నా మాటకు అడ్డు రాదు, అత్యవసరంలో కూడా చిట్టాయే ముందు నడవాలని చెబుతుంది.

మ్యూజియం మీద నాకున్న మరొక అభ్యంతరం చెబితే మా సంఘంలోనే కొందరు నొచ్చుకుంటారు. మ్యూజియంలోకి చేరేవి ఎవరి ఇళ్ళ నుంచి వస్తాయి? అటక ఉన్న ఇళ్ళ నుంచి, ఇనప్పెట్టె ఉన్న ఇళ్ళ నుంచి. జమీందారు గారి కత్తి, దివాను గారి పల్లకీ కొమ్ము, వెండి పన్నీరుబుడ్డి, తంజావూరు పటం. ఊరికి చరిత్ర అంటే ఇంతేనన్న ముద్ర పిల్లల మనసులో పడిపోతుంది. మట్టి గోడల మీద తాటాకు కప్పుకొని బతికినవారికి దాచిపెట్టే వస్తువులు ఎక్కడివి? వారి చరిత్ర మాటలో ఉంది, పాటలో ఉంది, పేటల పేర్లలో ఉంది, చర్చి వారి బాప్తిస్మ రిజిస్టర్లలో ఉంది. గోదావరి జిల్లాల్లో కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ 19వ శతాబ్దపు చివరి భాగం నుంచి పనిచేసింది. అప్పుడు బడి మెట్లెక్కిన మొదటి తరం దళితుల పేర్లు అలాంటి పుస్తకాల్లో తప్ప మరెక్కడా రాసి ఉండకపోవచ్చు. మసీదు వక్ఫు కాగితాలు, చేనేత సహకార సంఘం మినిట్సు పుస్తకాలు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు కూడా అలాంటివే. వీటిని ఎవరూ మ్యూజియానికి ఇవ్వరు, ఇవ్వనవసరం కూడా లేదు. అనుమతి తీసుకొని నకలు రాసుకుంటే చాలు. చిట్టాకు గది కొలతలతో పని లేదు కనుక అందులో అందరికీ చోటు ఉంటుంది.

వస్తువే మిగలని సంగతులు కూడా ఊరి వారసత్వమే. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు మార్గం వేశారు; రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు; మళ్ళీ పట్టాలు పడి రైలు నడిచింది 2004లో. మధ్యలో ఆరు దశాబ్దాలకు పైగా ఊళ్ళు పాత రైలు కట్ట ఆనవాళ్ళతోనే గడిపాయి. ఆ కట్ట మీద ఎవరు ఇళ్ళు వేసుకున్నారు, ఎక్కడ పశువుల దారి ఏర్పడింది అన్నది ఎవరైనా రాసి పెట్టారా? 1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కొన్ని ఇళ్ళ గోడల మీద గీతలున్నాయి. సున్నం వేసిన ప్రతిసారీ ఒక గీత మాయమవుతుంది. ఏ వీధి, ఏ ఇల్లు, నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తు అని నమోదు చేసుకుంటే అది చరిత్రకారుడికే కాదు, ఏటిగట్టు ఇంజినీరుకు కూడా పనికొస్తుంది. 1996 నవంబరు తుపాను నాటి జ్ఞాపకాలైతే ఇంకా తాజాగానే ఉన్నాయి. చెప్పేవాళ్ళు ఇప్పుడు నడి వయసులో ఉన్నారు, అడిగితే గంటల తరబడి చెబుతారు.

చట్టం వైపు నుంచి చూసినా సంఘాలు వస్తువుల జోలికి తొందరపడి పోకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే ఆ సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు దాటిన శిల్పాలు, నాణేల వంటివి, 75 ఏళ్ళు దాటిన రాతప్రతుల వంటివి పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిలో కొన్ని రకాలను ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. రైతు తెచ్చి ఇచ్చాడు కదా అని చెరువులో దొరికిన విగ్రహాన్ని గదిలో పెట్టుకున్న సంఘం రేపు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఫొటో తీసి, కొలిచి, దొరికిన చోటు గుర్తించి, తహసీల్దారు గారికి కాగితం పెట్టించడంలో రైతుకు సాయపడితే చిక్కు లేదు, పైగా వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెడకుండా నిలుస్తాయి.

పిల్లలకు కంటికి కనిపించే వస్తువు ఏదో ఒకటి ఉండాలి కదా అని మా మాస్టార్లు అంటారు. చిట్టా పుస్తకం చూపించి పిల్లవాడిని కట్టిపడేయలేమన్నది నిజమే. కానీ ఊరే వాడి కళ్ళెదుట ఉంది. బడి నుంచి నడిపించుకొని వెళ్ళి, ఇదిగో ఈ రాతి మీద ఫలానా ఏడాది ఫలానా మనిషి ఈ చెరువు తవ్వించానని రాయించాడు అని ఆ చెరువు గట్టు మీదే నిలబెట్టి చెబితే పట్టే పట్టు, గాజు పలక వెనక నుంచి చూపిస్తే పట్టదు. అలా చెప్పాలన్నా ముందు మనకు తెలియాలి, తెలిసింది రాసి ఉండాలి. ఇక ఇదంతా ఇప్పుడు ఫోనుల్లో జరిగిపోతోందనే యువకుల మాట. ఊరి వాట్సాప్ గ్రూపులో పాత ఫొటోలు రోజూ వస్తున్న మాట నిజం. ఎవరు పంపారో తెలుస్తుంది. ఎవరి ఫొటో, ఎప్పటిది, ఎవరు తీశారు అన్నది తెలియదు. నాలుగు చేతులు మారాక పంపినవారి పేరు కూడా ఉండదు. మా హైస్కూలు గ్రూపు ఫొటో ఒకటి అసలు ప్రతి దొరికింది. ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్లవాడి చేతిలో పలక, దాని మీద సుద్దతో 1951 అని ఉంది. వెనక అట్ట మీద పెన్సిలుతో రాసిన పేర్లు కుర్చీల వరుసకు మాత్రమే, అంటే అయ్యవార్లకు మాత్రమే. నిలబడ్డ పిల్లల్లో ఎవరెవరో చెప్పగలిగినవారిని వెతుక్కుంటూ వెళ్తే ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క ముఖానికి పేరు దొరికింది, రెండు చోట్ల ఒకే ముఖానికి వేరువేరు పేర్లు దొరికాయి. రెండూ రాసుకున్నాం, చెప్పినవారి పేర్లతో సహా. ఏది నిజమో తేల్చడం తరువాతి వారి పని. తేల్చడానికి ఆధారం మిగల్చడం మా పని.

సంఘాలన్నిటికీ ఉన్న ఒక జబ్బు గురించి కూడా చెప్పాలి. ఊరి చరిత్ర మొత్తం ఒక్క మనిషి బుర్రలో, ఒక్క మనిషి బీరువాలో ఉంటుంది. ఆయన పోయిన ఏడాదిలోపే పిల్లలు ఇల్లు అమ్ముతారు, పాత కాగితాలవాడు కిలోల లెక్కన తూచుకుపోతాడు. పూర్వం తాళపత్రాలను గోదావరిలో నిమజ్జనం చేశారంటే అందులో పుణ్యం వస్తుందన్న నమ్మకమైనా ఉండేది. దీనికి విరుగుడు ఒకే నకలును ఒక్కచోటే ఉంచకపోవడం. వేటపాలెంలో 1918లో మొదలై, 1929లో గాంధీ గారి చేత భవనానికి శంకుస్థాపన జరిపించుకున్న సారస్వత నికేతనాన్ని చూడండి. ఒక చిన్న ఊరు పాత పత్రికల సంపుటాలను నూరేళ్ళు కాపాడింది కాబట్టి పరిశోధకులు రైలెక్కి అక్కడికి వెళ్తున్నారు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. మన చిట్టా సంపుటం ఒక్కొక్కటి అలాంటి చోట్ల ఉంటే మా గది తగలబడినా, మాలో మాకు తగాదా వచ్చినా ఊరి సంగతులు పోవు.

దాత గారికి సంఘం తరఫున రాసిన ఉత్తరం ముసాయిదా నాకే అప్పగించారు. భవనం ఖర్చులో చిన్న భాగంతో ఏమేం చేయవచ్చో అందులో వివరంగా రాశాను: చెమ్మ చేరని అద్దె గది, రెండు ఇనప బీరువాలు, మంచి స్కానరు, గొలుసుకట్టు చదవగలిగిన పెద్దలకు గౌరవ వేతనం, అచ్చు తీయడం నేర్చుకోవడానికి ఇద్దరు యువకులకు ప్రయాణ ఖర్చులు, ఏడాదికొక సంపుటం అచ్చు. స్థలాన్ని అలాగే ఉంచమని, చిట్టా నిండాక అందులో ఏది చూపించాలో, ఏది ఉన్నచోటే ఉండాలో అప్పుడు తేల్చుకుందామని కూడా రాశాను. తమ తండ్రిగారి పేరు ఎక్కడ కనిపిస్తుందని ఆయన ఫోనులో అడిగారు. అడగడం తప్పేమీ కాదు. గుడికి దీపం పెట్టించినవాడు కూడా రాతి మీద పేరు చెక్కించుకునే పెట్టించాడు. ప్రతి సంపుటం మొదటి పుటలో వేస్తామని చెప్పాను. ఆలోచించి చెబుతానన్నారు. ఈలోగా బస్టాండు వెనక ఉన్న పాత సత్రాన్ని పడగొట్టడానికి టెండరు పిలిచారని తెలిసింది. దాని వరండా దూలాలకు చెక్కిన పేర్లు ఎవరూ నకలు రాసుకోలేదు కాబట్టి, ఈ ఆదివారం ఫొటోగ్రాఫరు గారూ నేనూ నిచ్చెన, టేపు పట్టుకొని అక్కడికి వెళ్తున్నాం.